పట్టి వదిలేసే గాలం

స్కాట్లాండ్‌లోని డీ నది గోదావరి పక్కన పిల్లకాలువే. కెయిర్న్‌గార్మ్ కొండల్లో పుట్టి ఆబర్డీన్ దగ్గర ఉత్తర సముద్రంలో కలిసేసరికి దాని పొడవు సుమారు 140 కిలోమీటర్లు. ఒడ్డున ఉన్న రాజకుటుంబపు బాల్మోరల్ కోట కోసం పర్యాటకులు వస్తారు. గాలం కర్రలతో వచ్చేవారికి మాత్రం కోటతో పనిలేదు. వారికి సాల్మన్ కావాలి.

ఏటా ఫిబ్రవరి 1న ఇక్కడ సీజన్ మొదలవుతుంది. ఎముకలు కొరికే నీళ్లలో నడుములోతు దిగి, పొడవాటి కర్రతో దారం విసురుతుంటారు. దాని చివర ఉండేది రంగుల వెంట్రుకల బొమ్మ. పేరుకు ఈగ, పోలికకు ఏ ఈగా కాదు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదే సాల్మన్ నదిలోకి రాగానే మేత మానేస్తుంది. దాన్ని ఎరతో ఆశపెట్టడం కంటే కవ్వించడమే మేలు.

విక్టోరియా కాలంలో ఈ ఈగలు నగల్లా ఉండేవి. దక్షిణ భారత అడవుల్లోని బూడిదరంగు అడవికోడి మెడ ఈకలకు అప్పట్లో ఎక్కడలేని గిరాకీ. వాటిని నేరుగా పెద్ద గాలానికే కట్టేవారు. చిక్కంతా అక్కడే. కాడ పొడవైన బరువు గాలాన్ని చేప తల విదిలించి మీటలా తిప్పి ఊడగొట్టుకునేది.

విరుగుడు ఆబర్డీన్‌లోనే పుట్టిందంటారు. ప్లేఫేర్ కంపెనీలో ఈగలు కట్టే మొరావ్‌స్కీ అనే మహిళ 1945 ప్రాంతంలో టర్కీకోడి ఈక కాడను గుల్లచేసి, దానిమీద వెంట్రుకలు చుట్టారు. ఆ తర్వాత ప్లాస్టిక్, అల్యూమినియం, ఇత్తడి గొట్టాలు వచ్చాయి. ఇదే ట్యూబ్ ఫ్లై.

దాన్ని అమర్చడం చూస్తే సులువే. గొట్టం తోకకు మెత్తటి సిలికాన్ తొడుగు వేస్తారు. దారాన్ని ముందువైపు నుంచి గుచ్చి, తొడుగులోంచి బయటికి లాగి చిన్న గాలం కడతారు. దారాన్ని వెనక్కి లాగితే ముడితోపాటు గాలం కన్ను తొడుగులో ఇరుక్కుంటుంది. ముడి లావైతే కూర్చోదు, తొడుగు వదులైతే గాలం వేలాడుతుంది. చేప పట్టగానే గాలం తొడుగులోంచి ఊడి, గొట్టం దారం మీదుగా పైకి జారిపోతుంది. చేప నోట్లో మిగిలేది పొట్టి గాలం ఒక్కటే. మీటకు ఆసరా ఉండదు. మొన మొద్దుబారితే గాలం మారిస్తే చాలు, ఈగ పదిలం. చలికాలం చేప అడుగున ఉంటుంది కనుక ఇత్తడి గొట్టం; మే నెలలో నీరు వేడెక్కాక తేలికపాటి ప్లాస్టిక్.

చేప తప్పించుకోకూడదని మెచ్చుకున్న ఈ పనితనాన్ని ఇప్పుడు చేపను క్షేమంగా వదలడానికి వాడుతున్నారు. స్కాట్లాండ్‌లో ఏప్రిల్ 1కి ముందు పట్టిన సాల్మన్‌ను చంపడం 2015 నుంచి నిషేధం. డీ నదిలో ఏడాది పొడవునా పట్టినదాన్ని వదిలేయడమే ఆనవాయితీ. ఎదురుముల్లు లేని చిన్న గాలమైతే చేపను నీళ్లలోనే ఉంచి క్షణంలో తీసేయొచ్చు. కెనడాలో స్కీనా నది స్టీల్‌హెడ్ వేటగాళ్లదీ ఇదే గొట్టం, ఇదే నియమం. అక్కడ 2021లో చేపల రాక మరీ పడిపోవడంతో అక్టోబరులో స్టీల్‌హెడ్ వేటనే ఆపేశారు.

పుస్తెలు అమ్మైనా పులస తినాలనే గోదావరి జిల్లాలవారికి ఇదంతా వింతే. పులస కూడా సముద్రం నుంచి నదికి ఎదురీదేదే కదా! తినని చేపను గాలంతో గుచ్చడమెందుకన్న ప్రశ్నకు ఇక్కడా సూటి జవాబు లేదు. వేటగాళ్లే లేకపోతే నదిని పట్టించుకునేదెవరన్న ఎదురు ప్రశ్న మాత్రం ఉంది. దాన్ని కొట్టిపారేయలేం.

అంకెలు బెంగ పుట్టించేవే. స్కాట్లాండ్‌లో 1952లో లెక్కలు మొదలయ్యాక అతి తక్కువగా 2023లో గాలాలకు దాదాపు 33 వేల సాల్మన్‌లే పడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ గ్రేట్ బ్రిటన్ సాల్మన్‌ను అంతరించిపోయే ముప్పున్న జాబితాలో చేర్చింది. సముద్రానికి వెళ్లినవాటిలో తిరిగొచ్చేవి తగ్గాయి. చెట్లు లేక ఉపనదులు వేసవిలో వేడెక్కుతున్నాయి. అందుకే డీ ఎగువన వాగుల గట్లమీద ఇప్పుడు స్థానిక జాతుల మొక్కలు నాటి, జింకలు మేసేయకుండా కంచెలు కడుతున్నారు.