ఖరగ్‌పూర్‌లో భోగిమంట

సంక్రాంతికి ఉద్యోగస్థులు స్వగ్రామాలకు బయలుదేరటం పరిపాటి. గత సంక్రాంతికి మేము మాత్రం సకుటుంబంగా విశాఖపట్నంలో రైలెక్కి, పండుగకు ఊళ్ళకు వచ్చేవారికి ఎదురుగా, బెంగాల్ వైపు ప్రయాణమైనాము. ఖరగ్‌పూర్‌లో మా శ్రీమతి మేనమామగారు, రైల్వేలో పనిచేస్తున్న కుమారుని క్వార్టరులో విశ్రాంత జీవితం గడుపుతున్నారు. "బెంగాల్లో భోగి ఉంటుందా?" అని సందేహించిన మా పిల్లలకు ఆ ప్రయాణమే సమాధానం చెప్పినది.

హౌరాకు 115 కిలోమీటర్ల ఇవతల ఉన్న ఖరగ్‌పూర్ పేరు వినగానే చాలామందికి పొడవైన ప్లాట్‌ఫారం స్ఫురిస్తుంది. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మనమందరం చిన్నప్పుడు వల్లె వేసినవారమే. ఆ కీర్తి 2013లో 1366 మీటర్లతో గోరఖ్‌పూర్‌కు, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళికి తరలిపోయినది. సామానులు మోసుకుంటూ నడిచిన మాకు మాత్రం ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు ఏమాత్రం తగ్గినట్లు తోచలేదు!

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనును, వర్క్‌షాపును నెలకొల్పిన నాటి నుండి గంజాం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు బ్రతుకుతెరువుకై ఇక్కడికి వలస వచ్చారు. 1927లో ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు సాగించిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ప్రసిద్ధమైనది. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరిగారు ఆనాడు ఈ రైల్వే కార్మికుల నాయకులలో ఒకరు. 1951లో దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ఈ ఊరి శివారున, హిజ్లీలోని పూర్వపు నిర్బంధ శిబిరంలో ఆరంభమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. తరాలు మారినా గోల్‌బజారులో, మథురాకాటీలో, నింపురాలో తెలుగు మాట వినిపిస్తూనే ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ ఈ ఊరి మీదకే మళ్ళినది.

భోగి ముందురోజు సాయంత్రం క్వార్టర్ల పిల్లలు ఇంటింటికీ తిరిగి పాత సామాను పోగు చేశారు. విరిగిన కుర్చీ, అరిగిన చీపుళ్ళు, చిరిగిన చాటలు, ఆపిల్ పండ్ల పెట్టె చెక్కలు, కొబ్బరి మట్టలు వచ్చి చేరినవి. ఒక పిల్లవాడు సైకిలు టైరు తెస్తే మామయ్యగారు వెనక్కు పంపివేశారు. "రబ్బరు, ప్లాస్టిక్ మంటలో వేయరాదు. ఆ పొగ విషం. పిల్లలు, ముసలివాళ్ళు పీల్చేది అదేగదా!" అన్నారు.

మామయ్యగారు ఆవిరి ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్‌గా ఉద్యోగ జీవితం ప్రారంభించినవారు. చల్లారిన ఇంజనులో నిప్పు రాజేసి, ఆవిరి పట్టించటానికి గంటల కాలం పట్టేదట. ఇళ్ళలోనూ ఆనాడు బొగ్గు పొయ్యిలే. ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, మధ్యన ఊచలు అమర్చి, అడుగున పిడకలు, పుల్లలు, పైన బొగ్గు పేర్చి ఆరుబయట వెలిగించేవారట. పొగ పూర్తిగా పోయిన తరువాతనే పొయ్యి వంటింటిలోకి వచ్చేది. రాలిన బొగ్గుపొడిని సైతం పారవేయక, మట్టి, పేడ కలిపి ఉండలు చేసి ఎండబెట్టేవారు. బెంగాలీలు వాటిని 'గుల్' అంటారు. "నిప్పు రాజేయటం ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వచ్చిన విద్యే" అన్నారు అత్తయ్యగారు.

మరునాడు తెల్లవారుజామున ఆ విద్య అవసరం ఎంతైనా కలిగినది. రాత్రంతా మంచు కురిసి కట్టెలన్నీ చెమ్మగిల్లినవి. పిల్లలు అగ్గిపెట్టె సగం ఖర్చు చేసినా పొగ తప్ప మంట రాలేదు. ఒకరు కిరోసిన్ అన్నారు, మరొకరు పెట్రోలు అన్నారు. మామయ్యగారు గట్టిగా వారించారు. లోపల కనపడకుండా నివురుగప్పిన నిప్పు మీద నూనె పోస్తే మంట భగ్గున లేచి, పోసినవారి చేతికే అంటుకుంటుందని హెచ్చరించారు. ముందుగా ఒక బకెట్టు నీళ్ళు, మరొక బకెట్టు ఇసుక తెప్పించి పక్కన పెట్టించారు.

అంతలో ఆయన మనుమరాలు అటక మీది పాత కాగితాల కట్ట ఒకటి తెచ్చి మంటకు అందించబోయినది. పైనున్న పుస్తకాన్ని చూచి మామయ్యగారు చప్పున చేయి అడ్డుపెట్టారు. అది ఆయన కుమారుడు చిన్నతనంలో చదివిన తెలుగు వాచకం. అట్ట ఊడిపోయి, పుటలు పసుపుబారినవి. "ఏటమ్మా ఇది? కాల్చటానికి ఇదే దొరికిందా?" అన్నారు. "ఎవరూ చదవటం లేదుగా తాతయ్యా?" అన్నది ఆ పిల్ల అమాయకంగా. ఆమె తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవటం రాదు. మామయ్యగారు బదులు చెప్పలేదు. పుస్తకాన్ని శాలువా కింద దాచుకుని పనిలోకి దిగారు.

కట్టెలన్నీ పక్కకు లాగించి, తడినేల మీద ఎడం ఎడంగా ఇటుకలు పేర్పించారు. "ఇంజనుకైనా, పొయ్యికైనా గాలి అడుగు నుండి రావాలి" అన్నారు. ఇటుకల నడుమ కొబ్బరి పీచు విప్పి పరిచారు. దాని మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోసిన కోడిగుడ్ల అట్టల ముక్కలు వేయబోగా అత్తయ్యగారు అభ్యంతరం చెప్పారు. "పండుగ పూట గుడ్ల అట్టలేమిటండీ?" "అది ఉత్త కాగితమే. అగ్నిలో పడిన తరువాత మైల ఎక్కడిది?" అని మామయ్యగారు నవ్వారు. చివరకు దేవుని గూటిలోని కర్పూరంతోనే తొలి నిప్పు పెట్టాలని రాజీ కుదిరినది.

కర్పూరం చెమ్మకు వెరవదు. అది పీచుకు అంటుకున్నది, పీచు అట్టకు అందించినది. మైనం మెల్లగా కరుగుతూ మంటను నిలిపినది. సన్నగా చీల్చిన పెట్టె చెక్కలు, ఆపైన కొబ్బరి చిప్పలు, పిడకలు, అన్నిటికన్నా చివర లావు కట్టెలు వేశారు. పది నిమిషాలలో మంట నిలువెత్తు లేచినది. పొరుగున ఉన్న బెంగాలీ దంపతులు పండుగకు చేసుకున్న పిఠాలు పళ్ళెంలో తెచ్చారు. ముందురోజు రాత్రి లోహ్రీ మంట వేసుకున్న పంజాబీ కుటుంబం చలి కాచుకొనటానికి వచ్చినది. నిప్పుల మీద కాగిన నీళ్ళతోనే పిల్లలకు తలంట్లు జరిగినవి.

మంట వెలుగులో మామయ్యగారు వాచకాన్ని బయటకు తీసి మా అబ్బాయి చేతికిచ్చి, మనుమరాలికి చదివి వినిపించమన్నారు. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మావాడు అక్షరాలు కూడబలుక్కుంటూ, ఒత్తుల వద్ద ఆగిపోతూ చదివాడు. ఆ పిల్లకు చదువు రాకపోవటానికి దూరదేశం కారణమని అప్పటిదాకా అనుకుంటున్న మాకు తల వంచుకొనవలసి వచ్చినది. తెలుగు నేల మీద ఉండి కూడా మేము ఆ నిప్పును రాజేయలేదు.

కనుమ మరునాడు తిరుగు ప్రయాణమైనాము. స్టేషనులో ఏమి పంపమంటారని అడిగితే మామయ్యగారు ఒక పెద్దబాలశిక్ష మాత్రం కోరారు. ఇంటికి చేరగానే రెండు కొన్నాము. ఒకటి ఖరగ్‌పూర్‌కు పోస్టులో పంపినాము. రెండవది మా ఇంట్లోనే ఉన్నది; రాత్రి భోజనాలైన తరువాత రోజుకొక పుట చొప్పున చదువుతున్నాము.