కాలాపేట: పుదుచ్చేరిలో ఒక ముక్క

పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై వైపు బయల్దేరితే కాసేపటికే తమిళనాడు వచ్చేస్తుంది. కొట్టకుప్పం, బొమ్మయపాలయం దాటాక మళ్లీ పుదుచ్చేరి. అదే కాలాపేట. ఇంకాస్త ముందుకు పోతే మళ్లీ తమిళనాడే. సరిహద్దు రాళ్ల కోసం వెతకనక్కర్లేదు, మందు దుకాణాలు వరసకట్టాయంటే పుదుచ్చేరిలో ఉన్నట్టే.

ఈ అతుకులబొంత ఫ్రెంచివాళ్ల నాటిది. ఇంగ్లీషువాళ్లకు పోగొట్టుకుని, 1816లో తిరిగి చేజిక్కించుకున్న ఊళ్లన్నీ ఇలా చెల్లాచెదురుగా మిగిలాయి. 1954 నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది, 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. ముక్కలు మాత్రం ముక్కలుగానే ఉన్నాయి. కాకినాడ పక్కనున్న యానాం కూడా పుదుచ్చేరి ముక్కే, దాన్ని చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. యానాం పిల్లలు సొంత యూనివర్సిటీకి వెళ్లాలంటే 800 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి ఈ కాలాపేటకే రావాలి.

బయటివాళ్లకు కాలాపేట అంటే 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ పాండిచ్చేరి యూనివర్సిటీయే. దాని నినాదం ఇప్పటికీ ఫ్రెంచిలోనే ఉంది, అర్థం ‘వెలుగు వైపు’. 2020లో టెక్నలాజికల్ యూనివర్సిటీగా మారిన ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ, లా కాలేజీ, సెంట్రల్ జైలు కూడా ఈ చుట్టుపక్కలే. పట్నంలో చోటు చాలనివన్నీ ఇక్కడికి చేరాయనిపిస్తుంది.

అసలు ఊరు రోడ్డు దిగి సముద్రం వైపు నడిస్తే కనిపిస్తుంది. పెరియ కాలాపేట, చిన్న కాలాపేట, పిళ్ళైచావడి, గణపతిచెట్టికుళం, కనకచెట్టికుళం. చావడి మనకూ తెలిసిన మాటే, కుళమంటే చెరువు. ఒడ్డునున్నవి జాలరిపల్లెలు. 2004 డిసెంబరు 26న సునామీ వీటిమీద విరుచుకుపడింది.

సునామీ ఒక్కరోజు వచ్చి పోయింది. తీరం కోత అలా కాదు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1980లలో పుదుచ్చేరి రేవుకు కట్టిన రాతిగోడలు దాన్ని ఆపేశాయి. ముందు పట్నం బీచి పోయింది, అక్కడ రాళ్లు పోశారు. అలలు ఆ పైనున్న ఒడ్డును కొరకడం మొదలుపెట్టాయి, అక్కడా రాళ్లు పోశారు. అలా పల్లె తర్వాత పల్లెగా కోత ఉత్తరానికి జరిగి ఈ పల్లెల ఇళ్లదాకా వచ్చింది. పట్నం ముందు 2018లో నీళ్లలో కట్ట వేశాక కొంత ఇసుక తిరిగొచ్చింది, పర్యాటకులు సంబరపడ్డారు. జాలరికి కావలసింది తిరిగే బీచి కాదు, పడవ లాగి పెట్టుకునే జాగా, వల ఆరేసుకునే ఇసుక. రాళ్లగుట్ట మీద ఆ రెండూ కుదరవు.

ఈసారి ఆ దారిన వెళ్తే యూనివర్సిటీ గేటు దగ్గర ఫొటో దిగి వచ్చేయకండి. ఏదో ఒక సందులోంచి ఒడ్డుదాకా నడిచి చూడండి.