చిన్న శబ్దం దగ్గరే అసలు పరీక్ష

రాత్రి అందరూ పడుకున్నాక, డిజిటల్ ఫైలుని అనలాగ్ సంకేతంగా మార్చే నా డాక్‌ని పరీక్షకు పెట్టాను. 24 బిట్ల ఫైల్లో 1,000 హెర్ట్జ్ స్వరం, 20 డెసిబెల్స్ చొప్పున తగ్గించుకుంటూ వెళ్లాను. ప్రతి మెట్టుకీ వోల్టేజి సరిగ్గా పదో వంతు కావాలి. 2 వోల్టులతో మొదలైతే మైనస్ 60 దగ్గర 2 మిల్లీవోల్టులు, మైనస్ 100 దగ్గర 20 మైక్రోవోల్టులే!

అంత చిన్నదాన్ని మామూలు మల్టీమీటర్ పట్టలేదు. సౌండ్ కార్డుతో రికార్డు చేసి, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే ఎఫ్‌ఎఫ్‌టీ గ్రాఫులో ఆ 1,000 హెర్ట్జ్ గీత ఎత్తు చూడాలి. మైనస్ 80 దాకా నిక్కచ్చిగా వచ్చింది. మైనస్ 100 దగ్గర ఒక డెసిబెల్ తేడా.

వీణ మీటు ఆరిపోతూ వినిపించే ఆఖరి నాదం ఈ కింది మెట్లలోనే ఉంటుంది. అందుకే నాకింత పట్టింపు.

మీరూ కొలిచి చూడండి. రికార్డింగ్ గెయిన్ మాత్రం మధ్యలో కదపకండి.