రెండు తీగలంటారు, మూడు కావాలి

కాటేదాన్‌లో ఏ షెడ్డుకు పిలిచినా ముందు వినపడే మాట ఒకటే. "డ్రైవ్ ఖరాబైంది భాయ్, కొత్తది ఎంతైతది?" నేను డ్రైవ్ జోలికి వెళ్ళను. ప్యానెళ్ళన్నిటికీ కరెంటు ఆపించి, కమ్యూనికేషన్ లైనులో ఏ, బీ తీగల మధ్య మల్టీమీటర్ పెడతాను. 60 ఓమ్‌ల దగ్గర చూపిస్తే లైను రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్లు ఉన్నట్టు. 120 వస్తే ఒక కొస ఖాళీ. 40 వస్తే మధ్యలో ఏ మిషన్‌లోనో మూడో రెసిస్టర్ స్విచ్ కూడా ఎవరో ఆన్ చేసి పోయారు. ఈ ఒక్క కొలతతో పనిలో సగం తేలిపోతుంది. కానీ మీటరు పెట్టి చూసినందుకు ఎవరూ డబ్బులివ్వరు. డబ్బాలు మారిస్తేనే ఇస్తారు.

మా వర్క్‌షాపు హైదరాబాద్ శాలిబండలో. చందూలాల్ బారాదరి ఇండస్ట్రియల్ ఎస్టేట్, ఫలక్‌నుమా దాటాక కాటేదాన్, ఇవే మా తిరుగుడు. ప్లాస్టిక్ పైపులు, బిస్కెట్లు, కోల్డ్ స్టోరేజీలు. ప్రతిచోటా టెంపరేచర్ కంట్రోలర్లు, మోటార్ల వేగం మార్చే డ్రైవ్‌లు (వీఎఫ్‌డీలు), ఎనర్జీ మీటర్లు, వాటన్నిటినీ పీఎల్‌సీ అనే ఒక కంట్రోలర్‌కు కలిపే ఆర్‌ఎస్-485 లైను ఉంటాయి. పని నేర్పింది ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్)లో రిటైరైన ఒక పెద్దాయన. 1967లో పెట్టిన ఆ సంస్థ ఈ ఊరికి ఇచ్చినవాటిలో ఇలాంటి పెద్దమనుషులను ముందు లెక్కపెట్టాలి. స్కీమాటిక్ గీయకుండా స్క్రూడ్రైవర్ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆర్‌ఎస్-485 ప్రమాణం వచ్చింది 1983లో. దానిమీద నడిచే మోడ్‌బస్ ప్రోటోకాల్ ఇంకా పాతది, 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చింది. ఐటీ చదివిన పిల్లలు వింటే నవ్వుతారు. కానీ 1200 మీటర్ల దాకా పోయే లైను, దానిమీద మామూలు లెక్కన 32 పరికరాలు, చిప్ ఖరీదు కోఠి గుజరాతీ గల్లీలో ఒక ప్లేటు బిర్యానీకంటే తక్కువ. ఇంత చవకలో ఇంత పని చేసేది ఇంకొకటి నాకు కనబడలేదు.

అయితే దానికో పట్టు ఉంది. తీగ ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి, అక్కడినుంచి తర్వాతదానికి వరసగా పోవాలి. పత్తర్‌గట్టి దుకాణాల్లా రోడ్డు వెంబడే ఉండాలి, గల్లీలు చీలకూడదు. మన ఎలక్ట్రీషియన్‌కు లైట్ల వైరింగ్ అలవాటు కాబట్టి ఎక్కడ వీలైతే అక్కడ జంక్షన్ బాక్స్ పెట్టి నాలుగు కొమ్మలు లాగేస్తాడు. కరెంటుకు అది తప్పు కాదు. సిగ్నల్‌కు మాత్రం ప్రతి తెరిచిన కొసా ఒక గోడ, తగిలి వెనక్కి వస్తుంది. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. వంద మీటర్ల తీగలో సిగ్నల్ పోయి రావడానికి మైక్రోసెకను పైచిలుకు చాలు. అంటే ఆ ప్రతిధ్వని బిట్ మొదట్లోనే చచ్చిపోతుంది, కొమ్మలున్నా లైను ఎలాగో నడుస్తుంది. అదే 1,15,200కి పెంచితే బిట్ 8.7 మైక్రోసెకన్లకు కుదించుకుపోతుంది. అప్పుడు దాగి ఉన్న తప్పులన్నీ బయటికి వస్తాయి. కొత్త ఇంజనీరు వచ్చి వేగం పెంచిన వారానికే నాకు ఫోన్ రావడం మామూలే. భట్టీ టెంపరేచర్ సెకనుకు వందసార్లు చదివి ఏం చేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

అసలు గొడవ మూడో తీగది. 485 అంటే రెండు తీగలని కేటలాగులో రాస్తారు, అందరూ రెండే లాగుతారు. రెండు తీగల మధ్య తేడానే సిగ్నల్ అన్నది నిజమే. కానీ వినే చిప్ తన గ్రౌండ్‌తో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపలే వినగలదని ప్రమాణం చెబుతోంది. ఆ హద్దు దాటితే ముందు తప్పుగా వింటుంది, తర్వాత కాలిపోతుంది.

ఒక పైపుల కంపెనీలో రోడ్డుకు అటూ ఇటూ రెండు షెడ్లు, వేర్వేరు ఎర్త్ పిట్‌లు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు వస్తే చాలు, అవతలి షెడ్డు లైను తెగేది. పోర్టులు కాలుతుంటే మార్చేవారు, సాఫ్ట్‌వేర్‌ను తిట్టేవారు. అక్కడి ఎలక్ట్రీషియన్ కుర్రాడు నాతో, "అన్నా, వైరు మంచిగనే ఉంది, నేనే లాగిన" అన్నాడు. నిజంగానే బాగా లాగాడు. "తమ్మీ, పిట్‌లో నీళ్ళెప్పుడు పోసిన్రు?" అంటే నవ్వాడు. ఎండకు పిట్‌లు ఆరిపోయాయి, పెద్ద మోటారు ఎత్తుకున్నప్పుడల్లా రెండు షెడ్ల గ్రౌండ్‌ల మధ్య వోల్టేజ్ ఆ హద్దును దాటిపోతోంది. పోర్టులు తీసుకున్నవి ఆ దెబ్బలే.

ఒకే షెడ్డులోనైతే కేబుల్‌లో మూడో తీగను కామన్‌గా అన్ని పరికరాలకూ తిప్పుతాను, ప్రతిచోటా 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా. రెండు ఎర్త్‌ల మధ్య మాత్రం ఆ తీగను నేరుగా కలిపితే కరెంటు దానిగుండా పారుతుంది, అందుకని అక్కడ ఐసోలేటెడ్ రిపీటర్ పెట్టాం. ఇప్పుడైతే షెడ్డు దాటే ప్రతి లైనుకూ ఫైబరే చెబుతాను, పిడుగుల భయం కూడా తప్పుతుంది. కేబుల్ షీల్డ్‌ను ఒక్క కొసలోనే ఎర్త్ చేయాలి. వీఎఫ్‌డీ పవర్ కేబుల్‌కు అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి.

ఎవరూ మాట్లాడనప్పుడు లైను ఏ స్థితిలో ఉంటుందన్నది చాలామంది అడగని ప్రశ్న. 200 మిల్లీవోల్టుల లోపల ఉంటే చాలా చిప్‌లు తమకు తోచింది వింటాయి, లేని అక్షరాలు పుడతాయి. 5 వోల్టుల నుంచి ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి, 680 ఓమ్‌ల బయాస్ రెసిస్టర్లు లైనుకు ఒక్కచోట పెడితే 210 మిల్లీవోల్టులు నిలుస్తాయి. రెండు రెసిస్టర్లకు రెండు రూపాయలు.

తీగలన్నీ సరిగ్గా ఉన్నాక కూడా నెట్‌వర్క్ నత్తలా నడవచ్చు. మోడ్‌బస్‌లో మాస్టర్ ఒక్కొక్కరినే పలకరించి జవాబుకు ఆగుతుంది. ఇరవై ఎనర్జీ మీటర్లను 9600లో చదవడానికి ఒకటి రెండు సెకన్లు. అందులో ఒక్క మీటరు ఆపి ఉండి, టైమ్‌అవుట్ ఒక సెకను, మొత్తం ప్రయత్నాలు మూడు అని ఉంటే, ప్రతి రౌండులోనూ మూడు సెకన్లు దానికోసమే పోతాయి. సేట్ మాత్రం సిస్టమ్ మొత్తం స్లో అయిందంటాడు. జవాబివ్వని పరికరాన్ని కాసేపు వరసలోంచి తీసేసి, నిమిషానికోసారి తట్టి చూసేలా ప్రోగ్రామ్ రాస్తాను.

పని అయ్యాక ప్యానెల్ తలుపు లోపలివైపు డ్రాయింగ్ అంటిస్తాను: ఏ పరికరం ఎన్నోది, దాని అడ్రస్, టెర్మినేషన్ ఏ రెండింట్లో, బయాస్ ఎక్కడ, మీటరు పెడితే ఎంత చూపాలి. కొన్ని కంపెనీలు ఒకరి ఏ ని ఇంకొకరు బీ అని ముద్రిస్తాయి కాబట్టి తీగల రంగులు కూడా. ఆ కాగితానికి విడిగా బిల్లు వేస్తున్నాను. ఎక్కువమంది ఆ వరస కొట్టేసి మిగతాది కడతారు. వాళ్ళకూ అంటిస్తాను, లేకపోతే మళ్ళీ పిలిచినప్పుడు నేనే మొదటినుంచి వెతుక్కోవాలి.