చార్టులో లేని ఈద్

2014లో బక్రీద్ అక్టోబర్ 6న, సోమవారం వచ్చింది. ఆ రోజు మా టవర్ గ్యాంగ్ కుర్రాళ్ళకి ఒక పూట మాత్రమే ఛుట్టీ. పొద్దున నమాజ్, మధ్యాహ్నం మళ్ళీ టవర్ ఎక్కాలి. ఆ ఫైసలా నాదే.

నేనప్పుడు విశాఖ శివార్లలో 220 కేవీ లైను వేస్తున్న ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లానింగ్ ఇంజనీర్‌ని. సర్వే, ఫౌండేషన్, టవర్ నిలబెట్టడం, తీగ లాగడం - వరస ఇంతే. కానీ వక్త్ మన చేతిలో ఉండదు. కాంక్రీట్ వేశాక కనీసం 14 రోజులు తడిపితేగానీ దాని మీద టవర్ లేపకూడదు. వరి పొలంలో తీగ లాగాలంటే కోత దాకా ఇంతెజార్. రైలు పట్టాల మీదుగా లాగాలంటే రైల్వేవాళ్ళు బ్లాక్ ఇవ్వాలి. ఏ పని ఎన్నిరోజులు ఆగినా మొత్తం లైనుకి నుక్సాన్ ఉండదో, ఆ రోజుల్ని మేం ఫ్లోట్ అంటాం. పొలాలన్నీ వరితో ఉన్నాయి కాబట్టి అక్టోబర్‌లో మాకు మిగిలింది కొండ వాలు మీది టవర్లే. వాటికి ఫ్లోట్ సున్నా.

కుర్రాళ్ళంతా బెంగాల్‌లోని మాల్దా జిల్లావాళ్ళు. ఇంటికెళ్ళి రావడానికే నాలుగు రోజులు. పదిరోజులు అడిగారు. చార్ట్ చూపించి కాదన్నాను. అందులో వాన ఉంది, కోత ఉంది, రైలు ఉంది. ఈద్ లేదు. ముసల్మాన్‌ని నేనే రాసిన చార్ట్ అది.

ఆ మధ్యాహ్నం వన్‌టౌన్‌లో మా ఇంట్లో అమ్మీ వాళ్ళకి బిర్యానీ డేగ్ కట్టిస్తూ, "ఆ పిల్లల అమ్మీలకి ఇవాళ ఈద్ ఎక్కడ్రా బేటా?" అంది. నేను జవాబ్ చెప్పలేదు.

ఆరు రోజుల తర్వాత, 12న ఆదివారం, హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ముందే హెచ్చరిక ఉంది కాబట్టి సగం లేచిన టవర్లకి గై తాళ్ళు బిగించి, కుర్రాళ్ళని రేకుల షెడ్ నుంచి దగ్గర్లోని స్కూలు బిల్డింగ్‌కి మార్చాం. షెడ్ ఎగిరిపోయింది. అల్‌హందులిల్లాహ్, మనుషులకి ఏం కాలేదు. కానీ ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు. సులేమాన్ నబీకి దూరదేశపు ఖబర్ తెచ్చిన పిట్ట పేరు పెట్టుకున్న తుఫాను, ఏ ఇంటికీ ఏ ఖబరూ చేరనివ్వలేదు.

ఐదో రోజు సిగ్నల్ దొరికింది. గ్యాంగ్‌లో అందరికన్నా చిన్నవాడికి పంతొమ్మిదేళ్ళు. నా ఫోన్ ఇచ్చాను. అవతల వాళ్ళ అమ్మీ చాలాసేపు ఏడ్చింది. ఈద్‌కి రమ్మంటే ఎందుకు రాలేదని అడిగినట్టుంది. వాడు నా వైపు చూసి, "నేనే ఆగిపోయానమ్మీ, పైసలు ఎక్కువొస్తాయని" అన్నాడు. హిందీలో అన్నాడు, నాకు అర్థం కావాలనేమో. ఆ మాట ఇప్పటికీ నా మీద కర్జ్‌గానే ఉంది.

ఆ కుర్రాళ్ళే తర్వాత కూలిన లైన్లు లేపడానికి వెళ్ళారు. ఊరంతా చీకట్లో ఉంటే ఛుట్టీ మాట ఎవరూ ఎత్తలేదు. ఈద్ ఆపి నేను లేపించిన టవర్లలో రెండు వంగిపోయాయి. విప్పి మళ్ళీ కట్టాం. మిగిల్చాననుకున్న రోజులకి రెట్టింపు పోయాయి.

ఇప్పుడు కొత్త లైను షెడ్యూల్ మొదలుపెడితే ముందు రెండు ఈద్‌లూ రాస్తాను. వానలూ కోతలూ ఏటా దాదాపు అప్పుడే వస్తాయి. ఈద్ మాత్రం ఏటా 10, 11 రోజులు ముందుకొస్తుంది. కాబట్టి పాత చార్ట్ నకలు పనికిరాదు, ప్రతిసారీ కొత్తగా చూసుకోవాలి. ఈద్‌కి కొద్ది రోజుల ముందే ఆ వరస ఫౌండేషన్లన్నీ పోయించేస్తాను. కాంక్రీట్ తడుస్తున్న ఆ 14 రోజులూ టవర్ గ్యాంగ్‌కి ఎలాగూ పని ఉండదు. నీళ్ళు పోయడానికి ఊళ్ళో ఇద్దరు చాలు. కుర్రాళ్ళు ఇంటికెళ్ళి వస్తారు, లైను ఆగదు. 2014లోనూ ఇలా చెయ్యొచ్చు, కాస్త ముందు ఆలోచించి ఉంటే.

రంజాన్ ఈద్‌కి ఇంకో రోజు అదనంగా వదులుతాను. చాంద్ ఎప్పుడు కనిపిస్తుందో ఏ సాఫ్ట్‌వేర్ చెబుతుంది?