మామిడిపల్లి మిట్ట నుంచి చాదర్‌ఘాట్ దాకా

శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. దానికి వాయవ్యాన, దిగువన ఉన్న హిమాయత్‌సాగర్ నిండుగా నిండితే నీటి మట్టం 1,763.5 అడుగులు. రెంటికీ మధ్య రెండువందల అరవై అడుగుల వాలు. రన్‌వే ప్రహరీ పక్కన పడ్డ వాన ఆ వాలులో ఎక్కడ పరుగెత్తుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎవరి ఇంటి ముందు నుంచి పోతుంది? ఈ నేల మీద ప్లాటు కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అమ్మేవాళ్లు చూపించే లేఅవుట్ కాగితంలో దీనికి జవాబు ఉండదు.

విమానాశ్రయానికి ఈశాన్యంగా, శ్రీశైలం రోడ్డు వైపు మామిడిపల్లి ఉంటుంది. ఇంకా ఉత్తరానికి వెళ్తే పహాడీ షరీఫ్ గుట్ట, ఆ దిగువన జల్‌పల్లి. ఇదంతా బండనేల. పైన పలుచటి ఎర్రమట్టి, జానెడు లోతు తవ్వితే రాయి. ఇలాంటి నేల వాననీటిని ఎక్కువగా ఇంకించుకోదు, జారవిడుస్తుంది. జారిన నీళ్లలో కొన్ని పడమటికి దిగి ఈసీ వాగులో కలుస్తాయి, కొన్ని ఉత్తరానికి దిగి పాతబస్తీ మీదుగా మూసీకి చేరతాయి. వెనకటివాళ్లు ఈ వాలును చూసుకునే ఒర్రె ఒర్రెకూ కట్ట వేసి చెరువులను గొలుసుకట్టుగా పేర్చారు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది దుంకితే ఇంకో దాంట్లోకి పోతాయి. ఈ చెరువులు పొలాలకు నీళ్లిచ్చాయి. అంతకంటే పెద్ద పని, మిట్ట మీద నుంచి దూకే నీటి వేగాన్ని మెట్టు మెట్టుకూ ఆపాయి.

మంచు కొండల దేశాల్లో ఇలాంటి వాలును మూడు ముక్కలుగా గీస్తారు. మంచు పేరుకుని తెగిపడే చోటు ఒకటి, అది దూసుకొచ్చే దారి ఒకటి, వచ్చి ఆగే చోటు ఒకటి. 1950-51 చలికాలంలో స్విట్జర్లాండ్‌లో మంచు చరియలు విరిగిపడి వందమంది దాకా చనిపోయాక, అక్కడ ఈ పటాలను ఊరి పాలనలోకి తెచ్చారు. 30 ఏళ్లకు ఒకసారైనా చరియ వచ్చే చోటు, లేదా 300 ఏళ్లకు ఒకసారి వచ్చినా గోడలు కూల్చేంత ఒత్తిడితో వచ్చే చోటు ఎరుపు. అక్కడ కొత్త ఇల్లు కట్టనివ్వరు. నీలం చోట షరతులతో కట్టుకోవచ్చు. మంచు తెగే చోట ఉన్న అడవికి అంతకంటే ముందే, 1876 చట్టంతో కాపలా పెట్టారు. చెట్లు నిలబడితే మంచు తెగడం అరుదు కాబట్టి, కింది ఊరి భద్రత పైనున్న అడవి చేతిలో ఉందని గుర్తించారు. మన దేశంలోనూ మనాలీలో 1969లో మంచు, చరియల పరిశోధన సంస్థ మొదలైంది. సైన్యం నడిచే హిమాలయ దారుల్లో చరియలు పడే చోట్లను అది పటాలకెక్కించింది. ఇప్పుడది డీఆర్‌డీవోలోని మరో సంస్థలో కలిసిపోయింది.

శంషాబాద్‌లో మంచు కురవదు. కానీ తెగే చోటు, దారి, ఆగే చోటు అనే ఆ మూడు ముక్కలూ ఇక్కడి నీటికి అచ్చంగా ఉన్నాయి. వాటిని మనం వేర్వేరు ఊళ్లుగా, వేర్వేరు ఆఫీసుల ఫైళ్లుగా చూస్తున్నాం. ఆపద మాత్రం మూడింటినీ ఒకే దారిగా కలుపుకొని వస్తుంది.

ముందు ఉత్తరం దారి పడదాం. మిట్ట దిగి బెంగళూరు హైవే మీద ఆరాంఘర్ వైపు వస్తుంటే గగన్‌పహాడ్. ఇక్కడ అప్ప చెరువు ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు దాని కట్ట తెగింది. జాతీయ రహదారి కోసుకుపోయి, వాహనాలు కొట్టుకుపోయి, మనుషులు చనిపోయారు. అదే వానకు మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు పొంగి, దిగువనున్న అలీనగర్‌లో ఒకే కుటుంబంలోని పలువురిని ఇంటి ముందు నుంచే లాక్కుపోయింది. నాలుగు రోజులు తిరక్కముందే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది.

చెరువు కట్ట ఒక్కసారిగా పగలదు. ముందు నీళ్లు కట్ట మీద ఏదో ఒక పల్లపు చోటును వెతుక్కుంటాయి. బర్రెలు ఎక్కిదిగి అరిగిన చోటో, బండ్లు పోయే బాట కోసం చదును చేసిన చోటో అయి ఉంటుంది. అక్కడ జానెడు మందాన నీళ్లు దాటితే చాలు, కట్ట వెనక వాలు మీద మట్టి కరగడం మొదలవుతుంది. కిందినుంచి పైకి, గుప్పెడు గుప్పెడుగా కరుగుతూ గండి కట్ట నడినెత్తికి చేరుతుంది. అప్పటిదాకా గంటలు పట్టిన పని ఆ తర్వాత నిమిషాల్లో అయిపోతుంది. ఇదంతా జరగకుండా ఉండటానికే మత్తడి. మత్తడి ముందు షెడ్డు లేచినా, మత్తడి కింది కాలువ మీద ప్లాట్లు పడినా, నీళ్లు పోవడానికి మిగిలే దారి కట్ట మీదుగానే. చెరువు శిఖంలో ఇళ్లు కడితే చెరువు చిన్నదవుతుందని అందరికీ తెలుసు. మత్తడి మూస్తే చెరువే ప్రాణాలు తీసేదవుతుందన్న సంగతికి అంత ప్రచారం లేదు.

2024 ఆగస్టు చివర, చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా యంత్రాలు ఈ అప్ప చెరువులోని షెడ్లను కూల్చాయి. కూల్చడం తప్పని నేననను. కానీ కూల్చడానికి పట్టుకొచ్చిన పటం ఏమిటని అడుగుతాను. అది ఎఫ్‌టీఎల్ పటం, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. దానికి బయట పది హెక్టార్లు దాటిన చెరువుకైతే 30 మీటర్లు, చిన్నదానికైతే 9 మీటర్లు బఫర్. అలీనగర్‌లో నీళ్లు లాక్కుపోయిన వాళ్లు చెరువు లోపల లేరు, దిగువన ఉన్నారు. నిలిచిన నీటి గీత ఎంత కచ్చితంగా గీసినా, కదిలే నీటి దారిని అది చూపదు. కట్ట తెగితే నీళ్లు ఏ వీధిలోంచి ఎంత ఎత్తున పోతాయో చెప్పే పటం వేరు. 2021 ఆనకట్టల భద్రత చట్టం అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయమంటుంది కానీ, అది ప్రధానంగా 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటిన వాటికి. మన ఊరి చెరువు కట్టలు ఆ లెక్కలోకి రావు. మన మనుషుల్ని చంపినవి ఇలాంటి కట్టలే.

ఇప్పుడు మిట్టకు పడమటి వైపు, ఈసీ వాగు దారి. శంషాబాద్ పేరు హైదరాబాద్ వరదల చరిత్రలో విమానాశ్రయానికి వందేళ్ల ముందే ఎక్కింది. 1908 సెప్టెంబరు చివరి వారంలో శంషాబాద్ వానమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. అంటే రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో అప్పుడు 788 చెరువులున్నాయి. వాటిలో 221 తెగాయి. ఒకటి తెగి కింది దాని మీద పడటం, అది తెగి ఇంకో దాని మీద పడటం, గొలుసంతా అలాగే కూలింది. సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. పదిహేను వేల మంది చనిపోయారన్నది ఎక్కువమంది చెప్పే లెక్క.

మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలో కరకట్టలు వేయమని చెప్పి ఊరుకోలేదు. చెరువు చెరువునూ లెక్కించి, వాన లెక్కను కట్టి, వరదను అది పుట్టే చోటే పట్టుకోవాలన్నారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్న సలహా అలా పుట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తాగునీళ్లు తర్వాతి లాభం. అవి పుట్టింది వరదను ఆపడానికి. ఈ సంగతి మీద నేను పట్టుబడతాను, ఎందుకంటే తర్వాతి గొడవంతా దీన్ని మరిచిపోవడంతోనే వచ్చింది.

హిమాయత్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే పరీవాహకం 1,311 చదరపు కిలోమీటర్లు. దానిలోని శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె కర్మాగారం పెట్టబోతే కాలుష్య నియంత్రణ మండలి అడ్డుపడింది, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999, 2000 సంవత్సరాల్లో వచ్చిన ఆ తీర్పులను ఇప్పటికీ దేశమంతటా పర్యావరణ కేసుల్లో ఉదహరిస్తారు. హాని జరుగుతుందని ఎదుటివాళ్లు నిరూపించేదాకా ఆగక్కర్లేదు, జరగదని కర్మాగారం పెట్టేవాళ్లే నిరూపించాలని కోర్టు చెప్పింది. ఆ వాదనకు అండగా నిలిచింది 1996 మార్చి 8 నాటి జీవో 111. జంట జలాశయాల నుంచి పది కిలోమీటర్ల లోపు, 84 ఊళ్లలో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దని, ఎక్కువ భూమి సాగుకూ ఖాళీకీ ఉండాలని ఆ జీవో.

ఆ జీవో ఈ ప్రాంతానికి చేసిన మేలు చాలా పెద్దది. అయినా దాని లోపం దాని గీతలోనే ఉంది. పది కిలోమీటర్లు వృత్తలేఖినితో గీసే గుండ్రటి గీత. నీళ్లకు గుండ్రటి గీత తెలియదు, వాలు తెలుసు. గీతకు లోపలే ఉన్నా జలాశయం వైపు వాలని మిట్టలుంటాయి, గీతకు చాలా బయట ఉన్నా నేరుగా ఈసీలోకి దిగే ఒర్రెలుంటాయి. జలాశయం వైపు వాలని ఊరి రైతుకు, నా పొలం నీళ్లు ఎటు పోతాయో చూడకుండా నన్నెందుకు కట్టేశారన్న కడుపుమంట ఉంటుంది. ఆ కడుపుమంటే జీవోను వద్దనే గొంతుకు బలం ఇచ్చింది. 2022 ఏప్రిల్ 12న జీవో 69తో ఆంక్షలు సడలించారు. నగర తాగునీటిలో ఈ జలాశయాల వాటా ఇప్పుడు ఒకటింబావు శాతానికి మించదన్నది ఆ రోజు చూపిన ముఖ్య కారణం. తాగునీటి లెక్క సరే. 1908లో శంషాబాద్‌లో పడ్డంత వాన మళ్లీ పడితే, చేలు పోయి సిమెంటు పరిచిన ఈ వాలు నుంచి హిమాయత్‌సాగర్‌కు నీళ్లు ఎన్ని గంటల ముందు చేరతాయి? జీవో 69లో వేయవలసిన లెక్క ఇది.

ఇలాంటి పటం గీయడానికి చదువూ సాధనాలూ దూరాన ఎక్కడో లేవు. ఇదే హైవే మీద ముందుకు పోతే షాద్‌నగర్. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల నుంచి చిత్రాలు దించుకునే కేంద్రం అక్కడే ఉంది. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లో రోంటీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడి, రిషిగంగలో దిగి, తపోవన్ జలవిద్యుత్ ప్రాజెక్టును దెబ్బతీసి రెండువందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇలాంటి చరియలు ఎక్కడెక్కడ పడ్డాయో చూపుతూ ఇదే రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో దేశపు కొండచరియల అట్లాస్ ప్రచురించింది. 17 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 80 వేల చరియలను అందులో గుర్తించారు. హిమాలయాల చరియ జాడను షాద్‌నగర్‌లో దిగిన చిత్రాల్లో వెతుకుతాం. షాద్‌నగర్ దారిలోనే ఉన్న శంషాబాద్ చెరువుల గొలుసును మెట్టు మెట్టుకూ అలాగే గీయడానికి అడ్డేమిటో నాకు అంతుపట్టదు.

పటం గీసినంత మాత్రాన సరిపోదని కూడా ఒప్పుకోవాలి. ఆస్ట్రియాలోని గాల్టూర్‌కు మంచి పటమే ఉంది. 1999 ఫిబ్రవరి 23న వచ్చిన చరియ, ఆ పటంలో భయం లేదని చూపిన చోటి ఇళ్ల మీద కూడా పడి 31 మందిని చంపింది. అంత పెద్దది అంతకుముందు రాసి ఉంచిన చరిత్రలో లేదు. ఆ తర్వాత వాళ్లు లెక్కలు మార్చుకుని పటాలు మళ్లీ గీశారు. మన దగ్గర ఆ సాకు కూడా చెల్లదు. మన చరిత్రలో శంషాబాద్‌లో రెండు రోజుల్లో 48 సెంటీమీటర్ల వాన రాసి ఉంది.

హిమాయత్‌సాగర్ కట్ట మీద 17 గేట్లు. నిండాక గేట్లెత్తితే ముందు మునిగేది దిగువన ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు. అక్కడ బారికేడ్లు పెట్టి బండ్లను మళ్లించడం దాదాపు ప్రతి మంచి వానకాలంలోనూ చూస్తున్నాం. నీటి దారిలో రోడ్డు వేశామన్నది గేటెత్తిన ప్రతిసారీ కనిపిస్తుంది. రాజేంద్రనగర్, బండ్లగూడ దాటి లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఈసీ మూసీలో కలుస్తుంది. 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన సంగమం అది. అక్కడి నుంచి పురానాపూల్, ఉస్మానియా ఆసుపత్రి. 1908లో నూటయాభై మంది దాకా ఎక్కి బతికిన చింతచెట్టు ఆ ఆసుపత్రి ఆవరణలోనిదే.

దానికి కాస్త దిగువనే మహాత్మాగాంధీ బస్ స్టేషన్, చుట్టూ నది. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఎగువన వానలు పడి రెండు జలాశయాల గేట్లూ ఎత్తితే, బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. ప్రయాణికులను చీకట్లో బయటికి తెచ్చారు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ ఒడ్డు ఇళ్లు మునిగాయి. గేట్లెత్తే ముందు సైరన్ మోగినా, పోలీసులు మైకుల్లో చెప్పినా సరిపోదు. ఆ గల్లీల్లో ఉండేవాళ్లలో ఎక్కువమంది రోజు కూలీలు, అద్దెవాళ్లు. ఎగువన ఎన్ని వేల క్యూసెక్కులు వదిలారన్న అంకెతో వాళ్లకు పనిలేదు. ఆ అంకెకు తమ గడప దాకా నీళ్లొస్తాయా, మోకాలు దాకానా, నడుము దాకానా, పిల్లల్ని ఎత్తుకుని ఏ గల్లీ వైపు పరుగెత్తాలి, ఇవి కావాలి. ఒక్కో విడుదలకు నీళ్లు ఎంతవరకు వస్తాయో గీసిన పటం ఉర్దూలో, తెలుగులో ఆ బస్తీల వార్డు ఆఫీసు గోడ మీద, మసీదు ముందు, గుడి ముందు అంటించి ఉండాలి. అదే పటం పై కొస మామిడిపల్లి, గగన్‌పహాడ్, పెద్దషాపూర్‌లలో లేఅవుట్లకు అనుమతులిచ్చే అధికారి బల్ల మీద ఉండాలి.