చల్లారితేనే వినిపించే చప్పుడు

"ఇద్దరే పట్టే కారేమిటే? రేపు పిల్లలు పుడితే ఎక్కడ కూచుంటారు?" ఫోన్లో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

మిచిగన్‌లో ఒక యూనివర్సిటీ ఊళ్ళో పరిశోధన ఉద్యోగానికి వచ్చిన రెండో ఏడు, రిటైరయిన సహోద్యోగిని ఒకావిడ తన పాత స్పోర్ట్స్ కారుని నాకు చవకగా ఇచ్చేశారు. పాతికేళ్ళ బండి. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, ఎవరి అవసరమూ లేకుండా, కేవలం నా ఇష్టం కోసం కొనుక్కున్న మొదటి వస్తువు అది.

2023 జనవరిలో దానికొక చప్పుడు మొదలైంది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే కుట్టుమిషను నడిచినట్టు టిక్కుటిక్కుమని. ఆక్సిలరేటర్ తొక్కితే చప్పుడు కూడా వేగం అందుకునేది. పదిహేను నిమిషాలు నడిస్తే మాయం. గ్యారేజీ అరగంట దూరం. అక్కడికి చేరేసరికి నా బండి నోట మాట ఉండేది కాదు. మెకానిక్ బానెట్ ఎత్తి విని "ఏమీ లేదే" అన్నాడు. రెండోసారి వెళ్తే "పాత బండ్లు చప్పుడు చేస్తాయి" అన్నాడు. మూడోసారి, "మీవాళ్ళలో బండ్ల సంగతి తెలిసిన మగవాళ్ళెవరైనా ఉంటే తోడు తెచ్చుకోండి" అని నవ్వుతూ సలహా ఇచ్చాడు.

ఆ రోజుల్లోనే తలనొప్పి పట్టుకుంది. అద్దం మీద మంచు కరిగేదాకా కిటికీలు బిగించుకుని, హీటర్ వేసుకుని కార్లోనే కూచునేదాన్ని. డిపార్ట్‌మెంటుకి చేరేసరికి కణతలు పగిలిపోయేవి, కడుపులో తిప్పేది. డాక్టరు నా నిద్ర గురించి, పని గురించి అడిగి, "ఒంటరిగా ఉంటారా?" అని కూడా అడిగి, ఒత్తిడి అని తేల్చారు. నేనూ సగం నమ్మాను. మన మాట మనకే చెల్లని స్థితి ఎంత సులువుగా వస్తుందో!

ఒక ఉదయం ఊరికే నాన్నకి చెప్పాను. నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లారీ రిపేరు షెడ్డు. తమ్ముడు పదేళ్ళకే పానాల నంబర్లు గడగడా చెప్పేవాడు. నేను మాత్రం అన్నం క్యారేజీ గుమ్మంలో పెట్టి వెనక్కి వచ్చేయాలి. ఆడపిల్ల లోపలికి రాకూడదు. ఇల్లంతా గ్రీజు వాసన వేసే ఇంట్లో పుట్టి, ఒక్క నట్టు పేరు కూడా తెలియకుండా డాక్టరేట్ చేశాను.

"ఫోను ఇంజను దగ్గర పెట్టు" అన్నాడు నాన్న. అర నిమిషం విన్నాడు. "మానిఫోల్డు పగిలిందమ్మా. వేడెక్కితే ఇనుము సాగి పగులు మూసుకుంటుంది. అందుకే వాడికి వినపడట్లేదు." కాసేపాగి, "తలనొప్పి గానీ వస్తోందా నీకు?" అన్నాడు.

ఆ రెంటినీ కలిపి అడిగిన మొదటి మనిషి ఆయనే.

సిలిండర్లన్నిటి నుంచి వచ్చే పొగని ఒక గొట్టంలోకి చేర్చే భాగం మానిఫోల్డు. నా బండిలో అది పోత ఇనుముది, ఆటోనగర్ మాటలో బీడు. రోజూ వందల డిగ్రీలకి కాలుతుంది, చల్లారుతుంది. ఆ సాగడం, ముడుచుకోవడంతోనే ఏళ్ళకి ఎక్కడో చిట్లుతుంది. పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ దాని తర్వాత ఉంటుంది కాబట్టి, పగులులోంచి వచ్చేది పచ్చి పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నీరసం దాని మొదటి గుర్తులు.

ఈసారి ఇంకో గ్యారేజీకి వెళ్ళాను. "రాత్రంతా బండి ఇక్కడే వదిలేస్తాను. పొద్దున్న చల్లటి ఇంజనుని నా ఎదురుగా స్టార్ట్ చెయ్యండి" అన్నాను. మర్నాడు చప్పుడు వినిపించింది. పైనున్న రేకు తీస్తే రెండు గొట్టాలు కలిసేచోట వెంట్రుకంత సన్నని గీత, దాని చుట్టూ మసి.

అతికించడమా, మార్చడమా? బీడులో కార్బన్ ఎక్కువ, వెల్డింగ్‌కి తేలిగ్గా లొంగదు. నాన్న దాన్ని ముందు బాగా కాల్చి, నికెల్ రాడ్డుతో అతికించి, మర్నాటిదాకా బూడిదలో పూడ్చిపెట్టేవాడట. తొందరగా చల్లారితే అతుకు పక్కనే మళ్ళీ చిట్లుతుంది. "రోజూ నడిపే బండికి వద్దు, మార్చెయ్యి" అన్నాడు. మంచు కోసం రోడ్ల మీద చల్లే ఉప్పుకి బోల్టులన్నీ తుప్పుపట్టాయి. విప్పుతుంటే రెండు తెగిపోయాయి. కొత్త భాగం కంటే వాటిని డ్రిల్లింగ్ చేసి తియ్యడానికే ఎక్కువ ఖర్చయింది. కొత్త గ్యాస్కెట్ పెట్టి, మధ్యనుంచి చివరలకి, విడతలు విడతలుగా బిగించారు. తలనొప్పి మళ్ళీ రాలేదు.

కానీ నాకు ఇంకో పగులు కనపడింది. నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. వాటిలో తలనొప్పి, కళ్ళమంట, దగ్గు మాటిమాటికీ వస్తాయి. నా థీసిస్‌లో ఒక అధ్యాయం నిండా వాటిని అణచివేతకి ప్రతీకలుగా విశ్లేషించాను. మెచ్చుకున్నారు కూడా. మళ్ళీ తెరిచి చూస్తే ఆ పేజీల్లోనే కట్టెల పొయ్యి ఉంది, తడి పిడకలున్నాయి, పొగ పోయే దారిలేని వంటిల్లు ఉంది. వాటిని నేపథ్య వర్ణన అనుకుని దాటేశాను. కట్టెల పొగలోనూ ఉండేది ఆ కార్బన్ మోనాక్సైడే. తలనొప్పి అని రాసిన స్త్రీకి నిజంగానే తల నొప్పి పుట్టి ఉంటుందని నాకెందుకు తోచలేదు? మగవాళ్ళని తోడు తెచ్చుకోమన్న మెకానిక్‌కీ, ఆమె మాటకి సిద్ధాంతాన్ని తోడు తెచ్చిన నాకూ తేడా ఎంత? వంటింటికి కిటికీ పెట్టకపోవడమే రాజకీయం. దానికి ప్రతీక అక్కర్లేదు.

ఆ అధ్యాయం తిరగరాస్తూ అమ్మకి ఫోన్ చేశాను. మన పాత ఇంట్లో వంటగదికి కిటికీ ఉండేదా అని అడిగాను.

"కిటికీనా? ఎక్కడిదే! ఇప్పుడెందుకది?"

"నీకు తలనొప్పి వచ్చేదా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "రోజూ వచ్చేది. పని తప్పించుకోడానికి నాటకమనేది మీ నాయనమ్మ."

అర నిమిషం ఇంజను చప్పుడు విని నా తలనొప్పిని పట్టుకున్న నాన్న కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు.